ఒకే వైఫై పేరా, రెండు పేర్లా? స్మార్ట్ బల్బులూ పాత ప్రింటరూ ఉన్న ఇంటికి ఏది మేలు

కొత్త డ్యూయల్ బ్యాండ్ రౌటర్ (2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో బ్యాండ్లలో వైఫై ఇచ్చేది) పెట్టాక ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ హాయిగా పనిచేస్తాయి. స్మార్ట్ ప్లగ్ దగ్గరికి వచ్చేసరికి యాప్‌లో చక్రం తిరిగీ తిరిగీ 'డివైస్ దొరకలేదు' అని ఆగిపోతుంది. పాత ప్రింటర్‌కైతే నెట్‌వర్క్ పేరే కనబడదు. వస్తువు పాడైందనుకుని వాపసు పంపే ముందు రౌటర్ సెట్టింగులు చూడండి. చాలాసార్లు చిక్కు అక్కడే ఉంటుంది.

స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు, స్విచ్‌లలో ఎక్కువ వాటికి 2.4 గిగాహెర్ట్జ్ రేడియో ఒక్కటే ఉంటుంది. వాటిలో విరివిగా వాడే ఈఎస్‌పీ8266 లాంటి చిప్‌కి 5 గిగాహెర్ట్జ్ అసలు తెలియదు. చిప్ చవక, 2.4 సిగ్నల్ గోడలు దాటి ఎక్కువ దూరం పోతుంది కాబట్టి తయారీదారులు దాన్నే వాడుతున్నారు. ఇబ్బందంతా మొదటిసారి జత చేసేటప్పుడే. బల్బు గబగబా మిణుకుమనే మోడ్‌లో యాప్ మీ వైఫై పేరునూ పాస్‌వర్డ్‌నూ ప్యాకెట్ల పొడవుల్లో గుర్తులుగా పెట్టి గాల్లోకి వదులుతుంది. బల్బు 2.4 చానళ్లు (ఆ బ్యాండ్‌లోని చిన్న భాగాలు) ఒక్కొక్కటే వింటూ ఆ గుర్తులను పట్టుకోవాలి. ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే నేరుగా వినలేదు. రౌటర్ ఆ ప్యాకెట్లను 2.4లోకి యథాతథంగా దాటిస్తేనే ఆశ, అన్ని రౌటర్లూ ఆ పని చెయ్యవు.

ఒకసారి జత అయ్యాక ఫోన్ 5లో, బల్బు 2.4లో ఉన్నా ఏ ఇబ్బందీ లేదు. రెండూ ఒకే ఇంటి నెట్‌వర్క్‌లోవే. బల్బు కోసమని ఫోన్‌ని ఎప్పటికీ 2.4లోనే ఉంచి వేగం పోగొట్టుకోనక్కర్లేదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఏ పద్ధతి మేలో తేల్చుకోవడం తేలిక: మీ ఇంట్లో వస్తువులను ఎంత తరచుగా మళ్లీ జత చెయ్యాల్సి వస్తుందన్నదే కొలమానం.

ఒకే పేరు

స్మార్ట్ కనెక్ట్ అనో, బ్యాండ్ స్టీరింగ్ అనో రౌటర్ పేజీలో కనిపించేది ఇదే. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. హాల్లోంచి పెరట్లోకి వెళితే ఫోన్ తనంతట తానే 5 నుంచి 2.4కి మారుతుంది. ఇంట్లో రెండు మూడు స్మార్ట్ వస్తువులే ఉంటే ఇదే ఉంచుకోండి. జత చేసే రోజున మాత్రం రౌటర్ పేజీలోకి వెళ్లి 5 గిగాహెర్ట్జ్ రేడియోను ఆపండి. ఆ పేజీ చిరునామా రౌటర్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది: చాలా వాటికి 192.168.1.1, జియోఫైబర్‌కి 192.168.29.1. బల్బు జత కాగానే 5ను మళ్లీ ఆన్ చెయ్యండి.

ఆ సెట్టింగ్‌కి తాళం వేసి ఉంటే యాప్‌లో ఏపీ మోడ్ ఎంచుకోండి. బల్బు నెమ్మదిగా మిణుకుమంటూ తనే ఓ చిన్న హాట్‌స్పాట్ తెరుస్తుంది. ఫోన్ దానికి కనెక్ట్ అయి పేరూ పాస్‌వర్డూ నేరుగా అందిస్తుంది కాబట్టి ఫోన్ ఏ బ్యాండ్‌లో ఉందన్న గొడవ ఉండదు. అప్పుడు మొబైల్ డేటా ఆపాలి. లేకపోతే 'ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు' అని ఫోన్ డేటా వైపు జారిపోతుంది, జత మధ్యలో తెగిపోతుంది. వీపీఎన్ ఉంటే అదీ ఆపండి. ఆండ్రాయిడ్‌లో యాప్‌కి లొకేషన్ అనుమతి, ఐఫోన్‌లో లోకల్ నెట్‌వర్క్ అనుమతి ఇవ్వకపోయినా ఇలాగే విఫలమవుతుంది. దూరంగా పెరట్లోకి నడిచి ఫోన్‌ని 2.4కి రప్పించే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది గాని, నమ్మదగ్గది కాదు. ఫోన్ ఎప్పుడు మారుతుందో మన చేతిలో లేదు.

రెండు పేర్లు

పది దాకా స్మార్ట్ వస్తువులుంటే, లేదా కరెంటు పోతూ వస్తూ ఉండే చోటైతే, నా ఓటు దీనికే. చాలా స్మార్ట్ బల్బులను వరసగా మూడుసార్లు ఆపి మళ్లీ వేస్తే పాత జత మరచిపోయి మళ్లీ జత మోడ్‌లోకి వెళతాయి. రీసెట్ బటన్ పెట్టే చోటు లేక చేసిన ఏర్పాటు అది. వానాకాలంలో కరెంటు టపటపా మూడుసార్లు పోయి వచ్చినా బల్బుకి అదే సంకేతం. అలాంటి ఇంట్లో ప్రతిసారీ రౌటర్ పేజీ తెరవడం కుదిరే పని కాదు. 2.4కి విడి పేరుంటే ఫోన్‌ని దానికి మార్చి వెంటనే జత చేసుకోవచ్చు.

విడదీసేటప్పుడు చాలామంది తలకిందులు చేస్తారు: పాత పేరు 5కి ఉంచి, 2.4కి కొత్త పేరు పెడతారు. దాంతో ఇంట్లో ఉన్న ప్రతి బల్బూ, కెమెరా, ప్రింటరూ తెగిపోయి ఒక్కోదాన్నీ మళ్లీ జత చెయ్యాల్సి వస్తుంది. పాత పేరూ పాత పాస్‌వర్డూ 2.4కే ఉంచండి. కొత్త పేరు 5కి పెట్టి ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్‌లలో ఒకసారి కొట్టండి. రౌటర్ మార్చినప్పుడూ ఇదే సూత్రం. కొత్త రౌటర్ 2.4కి పాత పేరు, పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా పెట్టి, సెక్యూరిటీ రకం కూడా మునుపటిదే ఉంచితే, వస్తువులు సాధారణంగా వాటంతట అవే వచ్చి చేరతాయి.

దీని లోపం ఫోన్ల దగ్గర. రెండు పేర్లూ సేవ్ చేసి ఉన్నా, సిగ్నల్ బాగా సన్నగిల్లేదాకా ఫోన్ ఉన్నదాన్నే పట్టుకుని వేలాడుతుంది. రెండంతస్తుల ఇంట్లో ఇది చికాకే. గూగుల్ నెస్ట్ వైఫై లాంటి మెష్‌లలో (రెండు మూడు పెట్టెలతో ఇల్లంతా ఒకే వైఫై పరిచేవి) విడదీసే వీలే లేదు. టీపీ-లింక్ డెకో లాంటి వాటిలో ఐఓటీ (స్మార్ట్ వస్తువుల) నెట్‌వర్క్ పేరుతో 2.4కి మాత్రమే విడి పేరు పెట్టుకోవచ్చు. మెష్ ఇళ్లకు అది మంచి మధ్యేమార్గం.

పేరు ఏదైనా, 2.4 రేడియోకి ఈ సెట్టింగులు కుదరకపోతే పాత వస్తువు కలవదు. సెక్యూరిటీ, అంటే పాస్‌వర్డ్ రక్షణ పద్ధతి, డబ్ల్యూపీఏ2-పీఎస్‌కే, ఏఈఎస్ ఉండాలి. దాని కొత్త రూపం డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే పాతవాటికి లోపలికి దారి లేదు. రెండూ కలిసిన మిశ్రమ మోడ్‌తో కూడా కొన్ని తడబడతాయి. అలాగని వెనక్కి పోయి టీకేఐపీ అనే పాత పద్ధతి పెట్టకండి, 802.11ఎన్ (వైఫై 4) వేగం పోయి అంతా 54 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. చానల్ 1, 6, 11లలో అపార్ట్‌మెంట్‌లో ఖాళీగా ఉన్నది. ఆటో వదిలేస్తే రౌటర్ ఒక్కోసారి 12, 13లకు పోతుంది, కొన్ని వస్తువులు ఆ చానళ్లను చూడలేవు. 2.4లో వైఫై 6 మోడ్ ఆన్ ఉంటే ఇంటెల్ పాత డ్రైవర్లున్న ల్యాప్‌టాప్‌లకు నెట్‌వర్క్ పేరే కనబడదు. డ్రైవర్ అప్‌డేట్ చెయ్యండి, కుదరకపోతే ఆ మోడ్‌ను బీ/జీ/ఎన్ అనే పాత వైఫై రకాలకు దించండి. వైఫై పేరు తెలుగు అక్షరాల్లో పెట్టుకోవాలని ఉంటే 5కి పెట్టుకోండి. పేరుకి హద్దు 32 బైట్లు, ఒక్కో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకీ మూడేసి బైట్లు పడతాయి, పైగా చౌక చిప్‌ల యాప్‌లు వాటిని సరిగ్గా చదవలేకపోవచ్చు.

గెస్ట్ నెట్‌వర్క్

చైనా కెమెరాలూ ప్లగ్గులూ ఇంటి కంప్యూటర్‌కి దూరంగా ఉండాలనుకునేవాళ్లకు ఇది బాగా నప్పుతుంది. 2.4లో మాత్రమే గెస్ట్ (అతిథుల కోసం రౌటర్ ఇచ్చే విడి వైఫై) తెరిచి వాటిని అందులో పడెయ్యండి. క్లౌడ్ ద్వారా నడిచే ప్లగ్, బల్బు ఇబ్బంది లేకుండా పనిచేస్తాయి. ప్రింటర్, క్రోమ్‌కాస్ట్ మాత్రం అందులో పెట్టొద్దు. గెస్ట్‌కి ఐసొలేషన్, అంటే మిగతా ఇంటి నెట్‌వర్క్ నుంచి వేరు చేసే గోడ, ఉంటుంది, మెయిన్ నెట్‌వర్క్‌లో ఉన్న మీ ఫోన్‌కి అవి కనబడవు.

పాత రౌటర్‌ని 2.4కే కేటాయించడం

ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టెలో ఏ సెట్టింగూ మార్చనివ్వకపోతే, అటక మీది పాత సింగిల్ బ్యాండ్ రౌటర్ దించండి. అందులో ఏపీ మోడ్ (యాక్సెస్ పాయింట్; బల్బు యాప్‌లోది కాదు, రౌటర్ ప్రధాన రౌటర్ నెట్‌వర్క్‌కే వైఫై అందించే మోడ్) ఉంటే అదే ఎంచుకోండి. లేకపోతే దాని చిరునామా 192.168.1.2 లాగా ప్రధాన రౌటర్ వరసలోనే, ఇంకెవరూ వాడనిదిగా మార్చండి. తర్వాత డీహెచ్‌సీపీ (వస్తువులకు చిరునామాలు పంచే పని) ఆపండి. చివరగా ప్రధాన రౌటర్ లాన్ పోర్టు (ఇంట్లో వస్తువులకు కేబుల్ పెట్టేది) నుంచి దీని లాన్ పోర్టుకి కేబుల్ వెయ్యండి. వాన్ పోర్టులో (ఇంటర్నెట్ కేబుల్ పెట్టేది) పెడితే ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు ఏర్పడి, ప్రింటర్ ఒక వైపు, ఫోన్ మరోవైపు చిక్కుకుంటాయి. చానల్ ప్రధాన రౌటర్‌ది 1 అయితే దీనికి 6 గాని 11 గాని ఇవ్వండి. ఫైబర్ పెట్టె, రెండు రౌటర్లూ ఒకే ఇన్వర్టర్ లైన్ మీద ఉండాలి. మినీ యూపీఎస్ కొంటే ఒక్కో అడాప్టర్ మీద వోల్టేజి 9దా 12దా చూసి, ఆంపియర్లు కలిపి లెక్కేసుకుని తీసుకోండి.