గెలిచే చిప్పు కన్నా పోయే చిప్పు ఖరీదు: ఐసీఎం కాలిక్యులేటర్ సమీక్ష

టోర్నమెంట్ పోకర్‌లో ఎదుటివాళ్లు ఆలిన్ పెట్టినప్పుడు (ఉన్న చిప్స్ అన్నీ ఒడ్డినప్పుడు) కాల్ చేయాలా, అంటే అంతే పెట్టి ఎదుర్కోవాలా, ముక్కలు పారేయాలా? చిప్స్ విలువను బహుమతి డబ్బులో లెక్కకట్టే ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) కాలిక్యులేటర్ ఏళ్ల తరబడి వాడితే ముందుగా మారేది ఈ నిర్ణయమే. ఆలిన్ పెట్టే అలవాట్లలో వచ్చే తేడా కొంచెమే. కాల్ అలవాట్లు మాత్రం పూర్తిగా తిరగబడతాయి.

కాలిక్యులేటర్ లోపల జరిగేది చిన్న లెక్క. 1973లో గణాంక శాస్త్రవేత్త హార్విల్ గుర్రప్పందాల కోసం రాసిన సూత్రాన్ని పోకర్ రచయిత మేసన్ మాల్మత్ 1987లో పోకర్‌కు తెచ్చాడు. మొదటి స్థానం వచ్చే అవకాశం మొత్తం చిప్స్‌లో మీ వాటాకు సమానం. మొదటివాణ్ణి పక్కనపెట్టి మిగిలిన చిప్స్‌లో వాటా చూస్తే రెండో స్థానం, అలాగే మూడోది. వాటిని బహుమతులతో గుణించి కలిపితే మీ స్టాక్ (మీ దగ్గరున్న చిప్స్) డబ్బు విలువ తేలుతుంది.

నలుగురు మిగిలారు, తలా 2500 చిప్స్, బహుమతులు 50, 30, 20 అనుకుందాం. ఒక్కో స్టాక్ విలువ 25. ఒకరిని ఓడించి 5000 చేసుకుంటే విలువ 50 కాదు, 38.33. చిప్స్ రెండింతలైనా డబ్బు ఒకటిన్నర రెట్లే పెరిగింది. ఓడితే మాత్రం 25 మొత్తం పోతుంది. బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా కట్టాల్సిన పందెం) లేవనుకుంటే కాల్ చేయడానికి 65.2 శాతం గెలుపు అవకాశం కావాలి, చిప్స్ లెక్కలో 50 చాలు. తక్కిన 11.67 ఎక్కడికి పోయింది? చేతులు కట్టుకుని చూస్తున్న ఇద్దరికీ చెరి 5.83 చొప్పున చేరింది. బబుల్‌లో, అంటే ఇంకొక్కరు పోతే మిగతా అందరికీ డబ్బు వచ్చే దశలో, ఇద్దరు ఢీకొంటే బాగుపడేది పక్కవాళ్లే.

ఇప్పుడు బ్లైండ్లు 100/200 పెట్టండి: చిన్నది (స్మాల్ బ్లైండ్) 100, పెద్దది (బిగ్ బ్లైండ్) 200. స్మాల్ బ్లైండ్ కట్టినవాడు ఆలిన్ పెట్టాడు, మీరు బిగ్ బ్లైండ్‌లో ఉన్నారు. పారేస్తే మీకు 2300 మిగులుతాయి, వాటి విలువ 23.68. కావలసిన గెలుపు 61.8 శాతం, చిప్స్ లెక్కలో 46. అవతలివాడు ముక్కలు చూడకుండానే ఆలిన్ పెట్టాడని తెలిసినా, వేర్వేరు గుర్తుల ఆసు-తొమ్మిది, రాజు-రాణి, అయిదుల జత పారేయాల్సిందే. ఆరుల జతకు, ఆసు-పదికి కాల్ ఉంది. చిప్స్ లెక్క చూసేవాడు ఇక్కడ రాణి-రెండుతో కూడా కాల్ చేస్తాడు.

అసలు విలువ తెలిసేది స్టాకులు సమానంగా లేనప్పుడు. పెద్ద స్టాక్ 4500, మీది 2700, మరొకరిది 2600, చిట్టి స్టాక్ 200. పెద్ద స్టాక్ మీ మీద ఆలిన్ పెట్టింది. పారేస్తే మీ విలువ 30.4, గెలిస్తే 39.2, ఓడితే సున్నా. బ్లైండ్లు పక్కనపెడితే 77.6 శాతం కావాలి. ఏ రెండు ముక్కల మీదైనా జాకీల జత గెలిచేది దాదాపు అంతే, అంటే అదీ అంచునే ఉంది. 200 చిప్స్‌వాడు ఏ క్షణమైనా పోయేలా ఉన్నప్పుడు మధ్య స్టాక్ ప్రాణం పణంగా పెట్టకూడదు. అదే 200వాడు ఆలిన్ పెడితే మీరు ధారాళంగా కాల్ చేయొచ్చు. కాబట్టి ‘బబుల్‌లో బిగబట్టి ఆడాలి’ అన్న ఒక్క మాటతో పని జరగదు. ఎవరి మీద అన్నది ముఖ్యం.

బబుల్ దాటాక ఒత్తిడి తగ్గుతుంది. ముగ్గురు సమాన స్టాకులతో ఉంటే 57.1 శాతం చాలు, ఇద్దరే మిగిలితే 50. శాటిలైట్లలో (డబ్బు బదులు పెద్ద టోర్నమెంట్‌లో సీటు బహుమతిగా ఇచ్చే పోటీల్లో) మాత్రం ఇది పరాకాష్ఠకు చేరుతుంది. 10 సీట్లకు 11 మంది సమాన స్టాకులతో ఉంటే 90.9 శాతం కావాలి. ఆసుల జత కూడా ఏ రెండు ముక్కల మీదైనా 85 శాతమే గెలుస్తుంది. పారేయండి. చాలామంది ఈ ఒక్కదాన్నీ నమ్మలేరు, కానీ లెక్క మూడు నిమిషాల్లో చేత్తో సరిచూసుకోవచ్చు.

వాడకంలో తరచూ దొర్లే తప్పు: బ్లైండ్ కట్టాక మిగిలిన 2300 నింపడం. కాలిక్యులేటర్ మళ్లీ 200 తీసేస్తుంది, జవాబు చెడుతుంది. బ్లైండ్ కట్టకముందు ఉన్న స్టాక్ నింపాలి. యాంటీ (ప్రతి పంపకానికీ కట్టే అదనపు చిన్న పందెం) మరిచిపోవడం రెండోది. అన్నిటికన్నా పెద్దది ఎదుటివాడి రేంజ్, అంటే అతను ఏయే ముక్కలతో ఆడతాడన్న అంచనా. నాష్ జవాబు (ఎవరూ తమ ఆట మార్చుకుని లాభపడలేని వ్యూహం) ఇద్దరికీ ఐసీఎం తెలుసనుకుని ఇచ్చేది. అవతలివాడు ఆసు-అయిదుతో కళ్లు మూసుకుని కాల్ చేసే రకమైతే మీరు ఆలిన్ పెట్టే ముక్కల రకాలు బాగా తగ్గించాలి. బిగుతుగా ఆడేవాడు ఆలిన్ పెట్టినప్పుడు కాల్ రేంజ్ ఇంకా కుదించాలి. రేంజ్ మీరే చేత్తో మార్చి రెండుమూడు సార్లు నడపండి.

లోపాలూ ఉన్నాయి. మీ మీదికి రాబోయే బిగ్ బ్లైండ్‌ను ఇది చూడదు, కుర్చీ ఎక్కడో పట్టించుకోదు, నైపుణ్యం అందరికీ సమానమనుకుంటుంది. నాలుగైదు బ్లైండ్లే మిగిలిన స్టాక్‌తో తర్వాతి పంపకానికే బిగ్ బ్లైండ్ రాబోతుంటే, అది చెప్పినదానికన్నా కాస్త వదులుగా కాల్ చేయడమే నాకు సరైనదనిపిస్తుంది. బౌంటీ టోర్నమెంట్లలో ఒకరిని పడగొట్టినందుకు వచ్చే, తలకు కట్టిన డబ్బు విడిగా కలపకపోతే జవాబు అవసరానికి మించి బిగుతుగా వస్తుంది.

ఆట నడుస్తుండగా దీన్ని తెరవకూడదు, అది మోసం కిందికి వస్తుంది. పైగా డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడడం 2017 నుంచి తెలంగాణలో, 2020 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో నిషేధం. 2025లో కేంద్ర చట్టమూ వచ్చింది. ఇక్కడివాళ్లకు ఇది కాగితం మీద చదువుకోవడానికే. చట్టం ఒప్పుకునే దేశాల్లో టేబుల్ దగ్గర ఆడేవాళ్లు రాత్రి ఇంటికొచ్చాక స్టాకులు, బహుమతులు, బ్లైండ్లు రాసుకున్న చీటీతో కూర్చుని నడపాలి. ఆ చీటీలో ఎదుటివాడు చూపించిన ముక్కలు కూడా రాసుకోండి, రేంజ్ అంచనా వాటినుంచే వస్తుంది.