వయోమింగ్‌లో ప్రాంగ్‌హార్న్ వేట: సులువుగా దొరికే ట్యాగ్ మేలా, పాయింట్లతో వచ్చే ట్యాగ్ మేలా?

అమెరికాలో ఉంటూ వేరే రాష్ట్రం నుంచి వయోమింగ్‌కు ప్రాంగ్‌హార్న్ జింకల వేటకు వెళ్దామనుకునేవాళ్లు మొదట అడిగేది "ట్యాగ్ ఎక్కడ తొందరగా వస్తుంది?" అని. ట్యాగ్ అంటే ఫలానా ఏరియాలో ఒక జంతువును వేటాడటానికి ఇచ్చే అనుమతి. దాన్ని డ్రా తీసి ఇస్తారు, ఏటా కొని కూడబెట్టుకున్న పాయింట్లు ఎక్కువగా ఉంటే అవకాశం పెరుగుతుంది. నా దృష్టిలో అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది: ట్యాగ్ వచ్చాక ఏ నేల మీద నడుస్తారు?

తూర్పు వయోమింగ్‌లో, అంటే జిలెట్, బఫెలో, డగ్లస్ చుట్టుపక్కల, జింకలకు కొదవ లేదు. కొన్ని ఏరియాల ట్యాగ్‌లు పెద్దగా పాయింట్లు లేకున్నా వస్తాయి, కొన్ని డ్రా అయ్యాక మిగిలిపోతాయి కూడా. కారణం ఒకటే, అక్కడి భూమిలో ఎక్కువ భాగం ప్రైవేటు రాంచ్‌లది, అంటే పశువుల్ని మేపే పెద్ద క్షేత్రాలది. పబ్లిక్ ల్యాండ్‌కు దారి కష్టమైన ఏరియాలను రాష్ట్ర వన్యప్రాణి శాఖ అయిన గేమ్ అండ్ ఫిష్ శాఖే ముందుగా గుర్తు పెట్టి చెబుతుంది. ఆ గుర్తును పట్టించుకోకుండా అప్లై చేస్తే, రోడ్డు మీద నుంచి జింకల్ని చూడటంతోనే సెలవులు అయిపోతాయి. వయోమింగ్‌లో బోర్డు లేకపోయినా ప్రైవేటు భూమిలోకి అనుమతి లేకుండా వేటకు వెళ్లడం నేరమే.

ఈ తూర్పు ట్యాగ్‌తో వేటాడాలంటే మూడు దారులున్నాయి. ఒకటి, థండర్ బేసిన్ నేషనల్ గ్రాస్‌ల్యాండ్ అనే ప్రభుత్వ గడ్డిభూమి. అయిదు లక్షల ఎకరాలకు పైగా ఉంది, కానీ ప్రైవేటు భూముల మధ్య ముక్కలుముక్కలుగా ఉంటుంది. రెండు, రాష్ట్రం రైతులతో మాట్లాడుకుని తెరిపించిన వాక్-ఇన్ ఏరియాలు, హంటర్ మేనేజ్‌మెంట్ ఏరియాలు. వాక్-ఇన్‌లో కారు దిగి నడిచి వెళ్లాలి. హంటర్ మేనేజ్‌మెంట్ ఏరియాలకు ఆన్‌లైన్‌లో పర్మిషన్ స్లిప్ తీసుకోవాలి, కొన్నిచోట్ల స్లిప్పుల సంఖ్యకు పరిమితి ఉంటుంది. సీజన్ మొదటి శని, ఆదివారాల్లో ఇక్కడ జనం ఎక్కువ. వారం మధ్యలో వెళ్లగలిగితేనే ఇది మంచి ఎంపిక.

మూడోది, రాంచ్ యజమానికి డబ్బు కట్టి అనుమతి తీసుకోవడం, అంటే ట్రెస్‌పాస్ ఫీజు. నాన్నగారినో, పిల్లల్నో వెంట తీసుకెళ్తుంటే నేను మొహమాటం లేకుండా దీన్నే సూచిస్తాను. సెప్టెంబరు చివర్లో కూడా పగలు ఎండ గట్టిగానే ఉంటుంది. దాదాపు యాభై కిలోల జంతువును పేగులు తీసి, తోలు ఒలిచి, వెంటనే ఐస్‌లో పెట్టకపోతే మాంసం పాడవుతుంది. ప్రాంగ్‌హార్న్ మాంసం వాసన వస్తుందని చెప్పేవాళ్లలో చాలామంది ఎండకు వదిలేసిన మాంసం తిన్నవాళ్లే. ట్రక్కు దగ్గరగా ఉంటే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది.

రెండో వైపు దక్షిణ వయోమింగ్‌లోని రాలిన్స్, రాక్ స్ప్రింగ్స్ ప్రాంతం, దాని ఉత్తరాన రెడ్ డెజర్ట్. ఇక్కడ బీఎల్ఎం (ఫెడరల్ భూముల శాఖ) కింద ఉన్న పబ్లిక్ భూమి మైళ్ల కొద్దీ పరుచుకుని ఉంటుంది. ఎవరినీ అడగక్కర్లేదు. అయితే పాయింట్లు కావాలి. ఏడాదికి 31 డాలర్లు పెట్టి కొనుక్కుంటూ ఓపిక పట్టాలి. పైగా 2022-23 చలికాలంలో పశ్చిమ వయోమింగ్‌లో జింకలు పెద్ద ఎత్తున చనిపోయాయి, అక్కడ ట్యాగ్‌లు తగ్గించారు. వాన పడితే ఆ మట్టి దారుల్లో ఫోర్ వీల్ డ్రైవ్ కూడా కూరుకుపోతుంది.

ఇక్కడే ఒక చిక్కు. 1862 చట్టం కింద రైల్వే కంపెనీకి ఒక చదరపు మైలు విడిచి ఒకటి చొప్పున భూమి ఇచ్చారు. అందుకే ఐ-80 హైవే వెంట మ్యాప్ చదరంగం బల్లలా ఉంటుంది. పబ్లిక్ గళ్లు మూలల దగ్గర మాత్రమే కలుస్తాయి. ఇలా మూలల్లో చిక్కుకుపోయిన పబ్లిక్ ల్యాండ్ పశ్చిమ రాష్ట్రాల్లో 83 లక్షల ఎకరాలని ఆన్‌ఎక్స్ మ్యాపుల సంస్థ 2022లో లెక్కగట్టింది. ఎల్క్ మౌంటెన్ దగ్గర నలుగురు మిస్సోరి వేటగాళ్లు ప్రైవేటు నేల మీద అడుగు పెట్టకుండా అలాంటి మూల మీదుగా ఒక పబ్లిక్ గడి నుంచి ఇంకో పబ్లిక్ గడిలోకి దాటారు. రాంచ్ యజమాని కోర్టుకు వెళ్లాడు. 2025 మార్చిలో వయోమింగ్, కొలరాడో వంటి కొన్ని రాష్ట్రాల మీద అధికారమున్న ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, టెన్త్ సర్క్యూట్ కోర్టు, వేటగాళ్ల పక్షాన తీర్పిచ్చింది, అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి ఒప్పుకోలేదు. సామాన్యుడికి తన దేశపు నేల మీద నడిచే హక్కు నిలిచిందని నాకు చాలా సంతోషం కలిగింది. కానీ మోంటానా ఆ కోర్టు పరిధిలో లేదు, అందుకే ఆ తీర్పు అక్కడ వర్తించదు. అక్కడ మూల దాటడం ఇప్పటికీ చట్టవిరుద్ధమని ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ అంటోంది.

మోంటానాలో బ్లాక్ మేనేజ్‌మెంట్ పథకం గొప్పది, లక్షల ఎకరాల ప్రైవేటు భూమి ఉచితంగా తెరుస్తారు. అయితే ప్రాంగ్‌హార్న్ ట్యాగ్‌లలో బయటివాళ్లకు దక్కేది పది శాతం లోపే. కొలరాడోకు వెళ్లేవాళ్లు రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన స్టేట్ ట్రస్ట్ భూమి అంతా వేటకు తెరిచి ఉంటుందని అనుకోవద్దు. పబ్లిక్ యాక్సెస్ ప్రోగ్రామ్‌లో చేర్చిన వాటిలోకే ప్రవేశం.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఒక మాట. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్స్ చేతికి వచ్చేదాకా స్నేహితుడి రైఫిల్‌తో ప్రాక్టీస్ కూడా వద్దు, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడిగాకే ముందుకెళ్లండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది లేదు.

నా ఓటు పాయింట్లకే. కొన్నేళ్లు ఆగి, విశాలమైన బీఎల్ఎం భూమి ఉన్న ఏరియాకు వెళ్లండి. అంతలో వేటాడాలని మరీ ఉబలాటంగా ఉంటే ఆడ జింకల ట్యాగ్ చూడండి, ధర కూడా చాలా తక్కువ. మగ జింక కోసం కూడబెట్టిన పాయింట్లు దానివల్ల పోవు. దానికైనా సరే, వాక్-ఇన్ మ్యాప్ ముందు పెట్టుకునే ఏరియా ఎంచుకోండి.