రాయగడలో చర్చి సంఘ నాయకుల తరగతులు: 5కి 3 స్టార్లు

గుణుపురం నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. రెండు రోజులకు భోజనంతో కలిపి 300 రూపాయలు. మొదటి పూట బైబిల్లోని అపొస్తలుల కార్యములు 2:42: బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. తెలిసిందే. నన్ను పట్టేసింది 6వ అధ్యాయం. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ భోజనం సరిగ్గా అందడం లేదని సణుగుడు మొదలైతే, అపొస్తలులు (సంఘాన్ని నడిపిన యేసు శిష్యులు) ఎవరినీ కసరలేదు. ఏడుగురిని ఎన్నుకోమని చెప్పి ఆ పని వాళ్లకు అప్పగించారు. తెలుగు, ఒడియా వాళ్లం కలిసి కూర్చునే మా సంఘంలో సరిగ్గా ఇదే గొడవ! పైగా కానుకల లెక్క నుంచి చాపలు పరచడం దాకా అన్నీ పాస్టరుగారి నెత్తినే. రెండో రోజు సౌండ్ సిస్టమ్ మీదే గంటన్నర, దండగ. భోజనంలో డాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు) అదిరింది. నోట్సు మాత్రం వెనక వరసకు వచ్చేసరికి అయిపోయాయి.