ఊపిరితిత్తుల స్క్రీనింగ్: స్కాన్‌కు వంక లేదు, మిగతాదే లోటు

చాలా ఏళ్లుగా సిగరెట్లు తాగుతున్నందున, దగ్గూ ఆయాసమూ లేకపోయినా, ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ కోసం లో డోస్ (తక్కువ రేడియేషన్) సీటీ స్కాన్ చేయించుకున్నాను. స్కాన్ వరకు మాత్రం సేవ బాగుంది. ఇంజెక్షన్ లేదు, వెల్లకిలా పడుకుని, చేతులు తలపైకి చాచి, చెప్పినప్పుడు ఊపిరి బిగబడితే కొన్ని సెకన్లలో పని పూర్తయింది. పడే రేడియేషన్ సుమారు 1.5 మిల్లీసీవర్టులు, మామూలు ఛాతీ సీటీ కంటే చాలా తక్కువ.

అయితే ఈ పరీక్ష అందరికీ అవసరమైనది కాదు. అమెరికాలో 2021లో సవరించిన సిఫార్సు ప్రకారం, 50 నుంచి 80 ఏళ్ల వయసులో ఉండి, కనీసం 20 ప్యాక్ ఇయర్లు, అంటే రోజుకో పెట్టె చొప్పున 20 ఏళ్లు లేదా రెండు పెట్టెల చొప్పున పదేళ్లు తాగినవారు, ఇంకా తాగుతున్నా, మానేసి 15 ఏళ్లు దాటకపోయినా, ఏటా చేయించుకోవాలి. ఈ సెంటర్లో ఆ లెక్క ఎవరూ వేయలేదు. ఎన్నడూ పొగ తాగలేదని చెప్పిన ఒక యువకుడికి కూడా నా ఎదుటే అదే ప్యాకేజీ అంటగట్టారు.

అసలు ఇబ్బంది రిపోర్టుతో మొదలైంది. 'కుడి ఊపిరితిత్తి పైభాగంలో 5 మి.మీ. నాడ్యూల్' అన్న ఒక్క వాక్యంతో కవరు చేతికిచ్చి పంపేశారు. నాడ్యూల్ అంటే చిన్న గడ్డ. అది పాత ఇన్ఫెక్షన్ మిగిల్చిన మచ్చ కావచ్చని, 6 మి.మీ. లోపు ఉన్న ఇలాంటి గట్టి నాడ్యూల్‌కు బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) అక్కర్లేదని, ఏడాదికి మళ్లీ స్కాన్ తీయిస్తే సరిపోతుందని చెప్పడానికి బయటి పల్మనాలజిస్టే (ఊపిరితిత్తుల డాక్టరే) దిక్కయ్యారు. 2011లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో, 53 వేల మందికి పైగా పాల్గొనగా, ఎక్స్‌రేతో పోలిస్తే సీటీ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. కానీ అనుమానాస్పదంగా వచ్చిన సీటీ ఫలితాల్లో దాదాపు 96 శాతం క్యాన్సర్ కాదని తేలింది. ఈ రెండో సంగతి ముందే చెప్పకుండా స్కాన్ తీయడం రోగిని అనవసరంగా హడలగొట్టడమే. సిగరెట్ మానడం గురించి ఒక్క మాటైనా లేకపోవడం మరీ విడ్డూరం.

పరీక్ష మీద నాకు నమ్మకం తగ్గలేదు. వచ్చే ఏడాది స్కాన్ మాత్రం, ముందుగా అర్హత చూసి, రిపోర్టును పల్మనాలజిస్టు చేతే వివరింపజేసే ఆసుపత్రిలో చేయించుకుంటాను. పోల్చి చూడటానికి ఈసారి స్కాన్ సీడీని అడిగి తెచ్చుకున్నాను.