పాత ఫియట్ ఉందా? తాళం తిప్పకుండా ఈ షెడ్డుకు పట్టుకెళ్లండి

విశాఖలో పాత ఫియట్టో, అంబాసిడరో మూలన పెట్టుకుని ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. గాజువాక ఆటోనగర్‌లో లేత్ షాపుల వరసలో ఒక షెడ్డు ఉంది. బోర్డు లేదు. పాత బళ్ల మేస్త్రీ గారని అడిగితే చుట్టుపక్కల ఎవరైనా దారి చూపిస్తారు. మా నాన్నగారి 1984 ప్రీమియర్ పద్మిని (మనం ఫియట్ అనే కారే) ఇంజిన్ పని అక్కడే చేయించాను. చాలా బాగా చేశారు.

బండి 2011 నుంచి పెదవాల్తేరులో మా ఇంటి వెనక రేకుల కింద ఉండిపోయింది. 2014లో హుద్‌హుద్ తుపానుకు ఆ రేకులు లేచిపోయాయి. బండి మీద వాన, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఉప్పుగాలి. సముద్రం పక్కన ఇనుము గతి ఏమవుతుందో మన ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. అంతకుముందు ఇంకోచోట చూపిస్తే, ఇంజిన్ జామ్ అయింది, తుక్కు కింద ఇచ్చేయండి అన్నారు. ప్లగ్గులైనా విప్పి చూడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ మేస్త్రీ గారు మొట్టమొదట బ్యాటరీ తీయించి పక్కన పెట్టారు. "ఎవరూ తాళం తిప్పొద్దమ్మా" అన్నారు. ఎందుకో కూడా చెప్పారు. ఏళ్లు ఆగిన ఇంజిన్‌లో పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండర్ గోడకు పట్టేస్తాయి. స్టార్టర్‌తో బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, గోడ మీద గీతలు పడతాయి. వాల్వులు బిగుసుకుని ఉంటే వాటిని తెరిచే కడ్డీలు, అంటే పుష్‌రాడ్లు వంగిపోతాయి. పాడవకుండా మిగిలిన ఇంజిన్ కూడా ఆ ఒక్క తిప్పుడుతో పోతుంది.

నాలుగు ప్లగ్గులూ తీసి, డీజిల్‌లో ఇంజిన్ ఆయిల్ కలిపి ఒక్కో సిలిండర్‌లో పోసి వదిలేశారు. నేను తొందరపడితే, "ఇన్నేళ్లు కూకున్న బండమ్మా, ఇంకో నాల్రోజులు నానితే ఏటవుద్ది?" అన్నారు. నానాక క్రాంక్ పుల్లీ నట్టుకు పానా పెట్టి, రవ్వంత ముందుకి, రవ్వంత వెనక్కి ఆడించారు. కదల్లేదు. మళ్లీ ఆయిల్ పోశారు. ఆఖరికి అది కదిలినప్పుడు పానా నా చేతికిచ్చి తిప్పమన్నారు. బరువుగా, ఆగి ఆగి తిరిగింది. ఆ కదలిక నా అరచేతికి తెలిసినప్పుడు కళ్లు చెమర్చాయి.

తర్వాత సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ విప్పారు. మూడో సిలిండర్‌లో మాత్రమే తుప్పు ఎక్కువ. బండి చివరిసారి ఆగినప్పుడు ఆ సిలిండర్ వాల్వు తెరుచుకుని ఉండిపోయిందట, తేమ అటునుంచే లోపలికి పోయింది. మిగతా మూడు దాదాపు శుభ్రంగా ఉన్నాయి. రీబోరు, అంటే సిలిండర్లను కోసి వెడల్పు చేయడం, చేయించండి అంటారేమోనని టెన్షన్ పడ్డాను. ఆయన బోరు కొలిపించి, హోనింగ్ చేస్తే, అంటే గోడను పైపైన రుద్ది సాపు చేస్తే చాలన్నారు. కొత్త రింగులు, వాల్వు గ్రైండింగ్, హెడ్ గాస్కెట్, అంతే. పెద్ద బిల్లు వేసే అవకాశం ఉండి కూడా వేయని మనిషి మీద నాకు గురి కుదిరింది.

ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే సంపు దించితే అడుగున పాత ఆయిల్ బెల్లం పాకంలా గడ్డకట్టి ఉంది. అదంతా గోకి తీసి, జల్లెడ కడిగి, 20డబ్ల్యూ50 అనే చిక్కటి మినరల్ ఆయిల్ పోశారు. పెట్రోల్ ట్యాంకు విప్పి లోపల కంకర వేసి ఊపారు, తుప్పు రజను గుప్పెళ్ల కొద్దీ రాలింది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలం రబ్బరు దానికి ఆగదని పైపులు, పంపు డయాఫ్రం అన్నీ దానికి తట్టుకునే రకం వేశారు. కార్బురేటర్ జెట్లు కడిగారు. ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు, కండెన్సర్ కొత్తవి. కొన్ని పార్టులు విజయవాడ ఆటోనగర్‌లో దొరికాయి, వాటర్ పంపు మాత్రం చెన్నై పుదుపేట నుంచి తెప్పించారు. ఈ కార్ల తయారీ ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ముంబయిలో చివరి పద్మిని ట్యాక్సీ కూడా 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. అందుకే పార్టు దొరికినప్పుడే రెండు తీసి ఉంచుకోమని ఆయన సలహా.

స్టార్ట్ చేసే రోజున కూడా ముందు ప్లగ్గులు లేకుండా స్టార్టర్‌తో తిప్పి, లోపలంతా ఆయిల్ అందినట్టు ఆయిల్ లైటు ఆరేదాకా చూశారు. తర్వాతే ప్లగ్గులు బిగించారు. చోక్ లాగి తాళం తిప్పితే దగ్గింది, తెల్లటి పొగ కక్కింది, అందుకుంది. 1089 సీసీ ఇంజిన్ ఆ చప్పుడు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. చుట్టుపక్కల షెడ్ల కుర్రాళ్లు కూడా పని ఆపి వచ్చి నిలబడ్డారు.

ఖర్చు చెప్తాను. ఇంజిన్ వరకు పార్టులు, లేత్ పని, కూలీ కలిపి 38 వేలు అయింది. ఏ పని చేసే ముందైనా ఫోన్ చేసి ఎంతవుతుందో చెప్పారు, తీసేసిన పార్టులన్నీ గోనెసంచిలో వేసి నాకిచ్చారు. నచ్చనివి కూడా ఉన్నాయి. చెప్పిన తేదీకి పని అవ్వదు, నాకు నెల పైనే ఆలస్యమైంది. చీటీ మీద లెక్క రాస్తారు తప్ప సరైన బిల్లు ఇవ్వరు. షెడ్డులో చోటు తక్కువ కాబట్టి బండి రాత్రుళ్లు బయటే ఉంటుంది, మంచి కవరు మీరే తీసుకెళ్లండి. వైరింగ్ పని ఆయన చేయరు, వేరే ఎలక్ట్రీషియన్‌ను చూసుకోవాలి.

ఇంకో మాట. ఇంజిన్ తిరిగింది కదా అని రోడ్డెక్కొద్దు. మా బండికి వీల్ సిలిండర్లు నాలుగూ పట్టేసి ఉన్నాయి, బ్రేకుల పని ఇప్పుడు అక్కడే జరుగుతోంది. ఆర్‌సీ కూడా చూసుకోండి, సొంత కార్లకు 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది. షెడ్డుకు బండిని తాడు కట్టి లాగించకండి, ట్రక్కు మీద ఎక్కించి పంపండి. ఉదయం పూట వెళ్తే మేస్త్రీ గారు తీరిగ్గా మాట్లాడతారు.