కొండ మీద ఆరేళ్లు: ఆరు క్యావిటీల వీహెచ్‌ఎఫ్ డూప్లెక్సర్ సమీక్ష

మా హ్యామ్ (అభిరుచి రేడియో) మిత్రబృందం నడుపుతున్న రెండు మీటర్ల బ్యాండు రిపీటర్‌కు, అంటే బలహీన సంకేతాన్ని విని అదే క్షణంలో వేరే పౌనఃపున్యం మీద తిరిగి ప్రసారం చేసే స్టేషన్‌కు, ఈ డూప్లెక్సర్‌ను 2018 వేసవిలో బిగించాము. ట్రాన్స్‌మిటర్, రిసీవర్ ఒకే యాంటెన్నాను పంచుకునేలా రెంటినీ వేరుచేసే పెట్టె ఇది, క్యావిటీలంటే అందులో ఒక్కో పౌనఃపున్యానికి శ్రుతి చేసిన లోహపు డబ్బాలు. ఆరు వర్షాకాలాలు గడిచాక దీని గురించి రాసే అర్హత వచ్చిందనుకుంటున్నాను. అంతకు ముందు, తక్కువ ధరకు దొరికే పలకలాంటి చిన్న మొబైల్ డూప్లెక్సర్‌తో నెల రోజులు కుస్తీ పట్టాము. అది పంపే పౌనఃపున్యానికీ వినే పౌనఃపున్యానికీ మధ్య దాదాపు 5 మెగాహెర్ట్జ్ ఎడం ఉండే వ్యవస్థలకు తయారైనది. మన దేశంలో ఈ బ్యాండు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకే ఉంటుంది, మా రిపీటర్‌కు ఉన్న ఎడం 600 కిలోహెర్ట్జ్ మాత్రమే. ఒకే యాంటెన్నా మీద 25 వాట్లు పంపుతూ అదే క్షణంలో పావు మైక్రోవోల్టు సంకేతాన్ని వినాలంటే, రెంటి మధ్య అంతరం 160 డెసిబెల్స్ పైమాటే. ఆ పని పెద్ద క్యావిటీలే చేయగలవు.

పెట్టెతో వచ్చిన పరీక్షా పత్రంలో ఒక్కో వైపు 90 డెసిబెల్స్ వేర్పాటు, 1.5 డెసిబెల్స్ నష్టం అని రాసి ఉంది. నష్టం విషయంలో ఆ పత్రం నిజమే చెప్పింది. 25 వాట్లు లోపలికి పంపితే యాంటెన్నా పోర్టు దగ్గర 17 వాట్ల పైచిలుకు కనిపించింది, లెక్క ప్రకారం రావలసింది కూడా అంతే. వేర్పాటును సరిచూడటానికి మాత్రం కొంత తిప్పలు పడ్డాను. నా దగ్గరున్న నానోవీఎన్ఏ (ఏ పౌనఃపున్యం దగ్గర సంకేతం ఎంత దాటుతుందో గీసి చూపే చిన్న పరికరం) ఈ బ్యాండులో సుమారు 70 డెసిబెల్స్ లోతు వరకే చూడగలదు. ఆ కిందికి వెళ్లిన నాచ్ (ఒక పౌనఃపున్యాన్ని అణచే లోయ) దాని తెర మీద ఊగిసలాడే గడ్డిలా కనిపిస్తుందే తప్ప అసలు అడుగు ఎక్కడుందో తెలియదు. చాలామంది ఆ గడ్డిని చూసే స్క్రూలు తిప్పుతూ ఉన్నదాన్ని చెడగొట్టుకుంటారు.

నేను అనుసరించిన పద్ధతి పాతదే. ట్రాన్స్‌మిటర్ పోర్టులోకి సిగ్నల్ జనరేటర్‌తో రిసీవర్ పౌనఃపున్యాన్ని పంపి, యాంటెన్నా పోర్టుకు సున్నితమైన ఎఫ్‌ఎం రిసీవర్ తగిలించి, మిగిలిన మూడో పోర్టుకు 50 ఓమ్‌ల లోడు పెట్టి, రెండు చివరలా 10 డెసిబెల్స్ అటెన్యుయేటర్లు (సంకేతాన్ని తగ్గించే ముక్కలు) ఉంచి, స్వరం హోరులో మునిగిపోయే దాకా నాచ్‌ను తిప్పాను. మునిగినప్పుడల్లా జనరేటర్ స్థాయి పెంచి మళ్లీ మొదలుపెట్టాలి. ట్రాన్స్‌మిటర్ వైపు నాచ్ పని దాని వెంట వచ్చే హోరును రిసీవర్ పౌనఃపున్యం దగ్గర అణచడం, రిసీవర్ వైపు నాచ్ పని మన ప్రసారమే రిసీవర్ మీద పడకుండా ఆపడం అని ముందే కాగితం మీద రాసుకోకపోతే, అర్ధరాత్రి దాటాక ఏ స్క్రూ దేనిదో తికమక తప్పదు. పాస్ (కావలసిన పౌనఃపున్యాన్ని దాటనిచ్చే) సర్దుబాటుకు నష్టాన్ని చూడటం కంటే తిరిగొచ్చే సంకేతాన్ని చూడటం మేలు. నష్టం రేఖ మీద శిఖరం బల్లపరుపుగా ఉండి ఎక్కడ ఆగాలో చెప్పదు, తిరిగొచ్చే సంకేతం మాత్రం సూదిమొనలా కిందికి దిగుతుంది. లాక్ నట్ బిగించేటప్పుడు సర్దుబాటు కొద్దిగా జరుగుతుంది కాబట్టి, ఎంత జరుగుతుందో ఒకసారి గమనించి, అంత మేర ముందే ఎదురు తిప్పి బిగించాలి.

వేడికి దాదాపు సాగని ఇన్వార్ లోహపు కడ్డీల పుణ్యమా అని కొండ మీది పగటి ఎండకూ రాత్రి చలికీ ఈ క్యావిటీలు చలించలేదు. మూడో వర్షాకాలంలో మాత్రం ఫిర్యాదులు మొదలయ్యాయి. దూరపు స్టేషన్ మొదటి అక్షరం స్పష్టంగా వినిపించి, రిపీటర్ ప్రసారం ఎత్తుకోగానే మిగతా మాట హోరులో కలిసిపోయేది. డూప్లెక్సర్ ట్యూనింగ్ తప్పిందని అందరి తీర్పు. స్క్రూల జోలికి పోకుండా ముందు యాంటెన్నా స్థానంలో డమ్మీ లోడు (శక్తిని ప్రసారం చేయకుండా వేడిగా మార్చేసే నిరోధకం) పెట్టి, కప్లర్ (లైనులోకి కొద్దిపాటి సంకేతాన్ని చేర్చే ముక్క) ద్వారా బలహీనమైన సంకేతాన్ని పంపి, ట్రాన్స్‌మిటర్‌ను ఆన్ చేసి ఆపి చూశాను. హోరు అప్పుడూ పెరిగింది. అంటే దోషం పైన టవర్ మీద కాదు, బీరువాలోనే. క్యావిటీలను కలిపే కేబుళ్లను ఒక్కొక్కటిగా వేలితో కదిలిస్తూ పోతే, రిసీవర్ వైపు చివరి ముక్క దగ్గర చరచరమంది. కనెక్టర్ కోసి చూస్తే లోపలి జడ (కేబుల్ చుట్టూ అల్లిన తీగల కవచం) పచ్చగా చిలుము పట్టి, గోటితో గీకితే పొడిలా రాలింది.

ఈ ధరకు ఒంటి జడ ఆర్‌జీ-58 ముక్కలు ఇవ్వడం తయారీదారు పిసినారితనమే, ఈ పెట్టె మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదొక్కటే. వాటి స్థానంలో వెండి పూత ఉన్న రెండు జడల ఆర్‌జీ-400 వేశాను. కేబుల్ మారితే తరంగ వేగం కాంతి వేగంలో 0.66 వంతు నుంచి 0.695 వంతుకు మారుతుంది కాబట్టి, పాత ముక్కలను కొస నుంచి కొస దాకా కొలిచి దాదాపు అయిదు శాతం పొడవు పెంచాను. పావు తరంగం లెక్క కట్టి కోస్తే సరిపోదు, క్యావిటీ లోపల సంకేతాన్ని అందించే తీగ లూపు కూడా ఆ పొడవులో కలిసే ఉంటుంది. కేబుళ్లు మార్చాక పాస్‌లను రవ్వంత సరిచేయవలసి వచ్చింది, నాచ్‌లను ముట్టుకోలేదు.

నిరుడు మళ్లీ హోరు వచ్చింది, డమ్మీ లోడు పెడితే మాయమైంది. ఈసారి నేరం యాంటెన్నా కింద తుప్పు పట్టిన క్లాంపుది, దాన్ని మార్చగానే పోయింది.

మళ్లీ కొనవలసి వస్తే ఇదే పెట్టెను కొంటాను, కేబుళ్లు మీ దగ్గరే ఉంచుకుని ఆ మేరకు ధర తగ్గించమని అడుగుతాను.