రాయచూరు, ముద్గల్ కోటలు: హంపి దారిలో ఆగితే ఏం దొరుకుతుంది, ఏం దొరకదు

మనవాళ్లు మంత్రాలయం వెళ్తారు, హంపి వెళ్తారు, మధ్యలో రాయచూరు స్టేషన్‌లో ఓ టీ తాగి మళ్లీ రైలెక్కేస్తారు. విజయనగర రాజులూ బహమనీ సుల్తానులూ, వాళ్ల తర్వాత బీజాపూర్ ఆదిల్‌షాహీలూ రెండు వందల ఏళ్ల పాటు కొట్టుకుంటూ వచ్చింది మాత్రం ఈ నేల కోసమే. కృష్ణకీ తుంగభద్రకీ మధ్యనున్న అంతర్వేది ఇది. రెండు నదుల నీళ్లు, నల్లరేగడి, దగ్గర్లోనే హట్టి బంగారు గనులు, వీటన్నిటికీ కాపలాగా రాయచూరు, ముద్గల్ కోటలు. హంపిలో చూసేది ఆ డబ్బుతో కట్టినవి, ఇక్కడ చూసేది ఆ డబ్బు కోసం పోట్లాడుకున్న చోటు. నాకు రెండోదే ఎక్కువ ఆసక్తి, కాబట్టి నా అభిప్రాయం కొంచెం అటు మొగ్గే ఉంటుంది.

ముందు రాయచూరు. కోట ఊరి మధ్యలోనే ఉంది, ఊరే కోటలోకి, కోట మీదికి పెరిగిపోయింది. గోడకు ఆనుకుని ఇళ్లు, షాపులు, దర్వాజాల కింద నుంచి ఆటోలు, కొన్ని చోట్ల ముక్కు మూసుకుని నడవాలి. టికెట్ ఎవరూ అడగలేదు, దారి చూపించే బోర్డులూ పెద్దగా కనపడలేదు. ఇంత చెప్పాక కూడా వెళ్లమనే అంటాను, ఒక్క రాయి కోసం. లోపలి కోట పడమటి గోడలో దాదాపు 41 అడుగుల పొడవున్న ఏకశిల ఉంది, దాని మీద 1294 నాటి కాకతీయుల కాలపు శాసనం, గోరె గంగయరెడ్డి ఈ కోట కట్టించాడని. ఇంత బండను ఎలా తెచ్చార్రా బాబూ అనుకునే లోపే పక్క గోడ మీద దాని జవాబు చెక్కి ఉంటుంది, బండిమీద రాయి, దాన్ని లాగుతున్న దున్నల బారు. తెలుగువాళ్లు ఈ రాయి ముందు నిలబడకుండా రాయచూరు దాటిపోవడం నాకు మింగుడుపడదు.

నవరంగ్ దర్వాజా దగ్గర శిల్పాలున్నాయి, తీరిగ్గా చూడండి. 1513లో కట్టిన ఏక్ మినార్ మసీదు కూడా నడిచి వెళ్లేంత దూరమే, పేరుకు తగ్గట్టే ఒక్కటే మినార్. కోట కొండ మీదికి ఎక్కితే మాత్రం పొద్దున్నే ఎక్కండి, ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండ మామూలుది కాదు.

ఆ మే నెల ఎండలోనే, 1520లో, కృష్ణదేవరాయలు ఈ ఊరి కోసం ఇస్మాయిల్ ఆదిల్‌షాతో తలపడ్డాడు. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి న్యూనిజ్ రాసిన సైన్యాల లెక్కలు నమ్మలేం, లక్షలకు లక్షలు వేస్తాడు, కానీ ముట్టడి గురించి ఆయన చెప్పిన చిన్న చిన్న సంగతులు నిజంలాగే వినిపిస్తాయి. గోడ పగలగొట్టి తెచ్చిన రాయికి, దాని సైజును బట్టి పది నుంచి యాభై పణాల (అప్పటి చిన్న నాణేలు) దాకా ఇచ్చేవారట, అంటే కూలి రేటు కట్టి మరీ కోట కూల్చారన్నమాట. పైనున్న ఫిరంగులు గోడ మొదట్లో ఉన్నవాళ్లను కొట్టలేకపోయాయి. క్రిస్టవో ది ఫిగరెడో అనే పోర్చుగీసువాడు తన తుపాకీ మనుషులతో వచ్చి, గోడ మీద తల ఎత్తినవాణ్ణల్లా కాల్చడంతో కోట లొంగింది, కోట అధికారి కూడా ఆ తూటాకే పోయాడు. ఇదంతా చదువుకుని కింద నిలబడి పైకి చూస్తే ఆ గోడ వేరేలా కనపడుతుంది. చదవకుండా వెళ్తే అది ఉత్త గోడే, చెప్పేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

బస విషయానికొస్తే, స్టేషన్ రోడ్డు వైపు లాడ్జీలు చాలానే ఉన్నాయి. నేను దిగినదాంట్లో గది శుభ్రంగానే ఉంది కానీ వేడినీళ్లు పొద్దున ఓ రెండు గంటలే, ఏసీ గది అని డబ్బు తీసుకుని రిమోట్ కోసం రెండుసార్లు కిందికి తిప్పారు. కుటుంబంతో వెళ్తే మంత్రాలయంలో ఉండి పొద్దున వచ్చి చూసి వెళ్లడం మేలు, 45 కిలోమీటర్లు కూడా ఉండదు. తిండికి లోటు లేదు, బొరుగుల ఒగ్గరాణి, మిర్చి బజ్జీ పొద్దున పూట బండి మీద తినండి, హోటల్లో ఇడ్లీ జోలికి పోకండి. భాష టెన్షన్ అసలు వద్దు, ఆటోవాళ్లలో సగం మంది తెలుగులోనే బేరమాడతారు.

ముద్గల్‌కి లింగసుగూరు మీదుగా వెళ్లాలి. బస్సులు బాగానే తిరుగుతాయి, కానీ ఆడవాళ్లకు కర్ణాటక ఉచిత ప్రయాణం మన ఆధార్‌తో కుదరదు, టికెట్ కొనాల్సిందే. కోటగా చూస్తే రాయచూరు కన్నా ముద్గల్‌కే నా ఓటు. నీళ్లున్న కందకం, దాని వెనక రెండు వరుసల గోడలు, ఎదురుగా నిలబడితే దీన్ని పట్టుకోవడం ఎంత కష్టమో చెప్పకుండానే అర్థమవుతుంది. బీజాపూర్ ఆస్థాన చరిత్రకారుడు ఫెరిస్తా రాసిన రెండు కథలు ఈ ఊరివే. మొదటిది, బహమనీ సుల్తాను తన పాటగాళ్ల ఫీజును విజయనగరం ఖజానా మీద రాసిచ్చాడని బుక్కరాయలకు మండిపోయి 1366లో ముద్గల్ మీద పడ్డాడన్నది. రెండోది కంసాలి కూతురి కోసం మొదటి దేవరాయలు 1406లో సైన్యాన్ని పంపాడన్నది. కథలుగా బాగున్నాయి గానీ, పాటా లేదు పిల్లా లేదు, ఈ పొలాల మీద వచ్చే శిస్తే అసలు గొడవ అని నేననుకుంటాను. 1565 తళ్లికోట యుద్ధానికి ముందు కూడా అలీ ఆదిల్‌షా విజయనగరం రామరాయల్ని అడిగింది ఈ కోటలు తిరిగిమ్మనే.

ముద్గల్‌లో రాత్రి ఉండే ఏర్పాటు పెట్టుకోకండి, లింగసుగూరులో బస చేయండి. మొహర్రం రోజుల్లో ఇక్కడికి జనం విపరీతంగా వస్తారు, ఆ సందడి చూడాలనుకుంటే తప్ప అప్పుడు వెళ్లొద్దు. మంచినీళ్లు, టోపీ వెంట ఉంచుకోండి, కోట లోపల నీడ తక్కువ, పాడైన బురుజుల మీద పిల్లల్ని ఒంటరిగా వదలకండి.

ఓపిక మిగిలితే కృష్ణలో లంక మీదున్న జలదుర్గం కూడా ఉంది, చూడటానికి మూడింట్లోకీ అదే అందమైనది. దానికి బస్సుని నమ్ముకుంటే పని కాదు, లింగసుగూరులోనే కారు మాట్లాడుకోండి, వెయిటింగ్ ఛార్జీ ఎంతో ఎక్కే ముందే తేల్చుకోండి.